అయ్య కట్టిన చెరసాల

మా అయ్య నోటితో ఒక్క మాట అనిపించడానికి నేను ఆ సినిమా సెట్టు చూడ్డానికి వెళ్ళాను. లేకపోతే మే నెల ఎండలో రైలెక్కి, ఆటో ఎక్కి, ఉత్తుత్తి కోట చూసొచ్చే సరదా నాకు లేదు. ఆ మాట "మానేస్తాను" అన్న మాట.

అయ్యది భావనపాడు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టినా సముద్రం మీద కన్నా ఒడ్డు మీదే ఎక్కువ బతికాడు. చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వచ్చాక, వాటికి చిల్లులు పడితే పూడ్చే మనిషి ఊళ్ళో ఒకడు కావాల్సి వచ్చాడు. ఆ ఒకడూ అయ్యే అయ్యాడు. గాజునారతో చేసిన గుడ్డలాంటి మ్యాటు, దాని మీద పూసే రెజిన్ అనే జిగురు, అది గట్టిపడడానికి కలిపే మందు, ఇవీ ఆయన సామాన్లు. పొర మీద పొర వేసి, రోలరుతో నొక్కి, ఆరాక గ్రైండరుతో రుద్దుతాడు. రుద్దేటప్పుడు లేచే తెల్లటి పొడినీ, ఆ జిగురు ఘాటునీ ఇరవై ఏళ్ళు మూతికి గుడ్డయినా కట్టకుండా పీల్చాడు. శ్రీకాకుళంలో డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, ఆ పని ఇక ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకుంటే ఎన్నాళ్ళుంటావో నేను చెప్పలేనన్నాడు. అయ్య ఆయనకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి, మర్నాడు పొద్దున్నే రెజిన్ డబ్బా మూత తీశాడు.

అది సముద్రంలో చేపల వేట నిషేధం కాలం. ఆ రెండు నెలలూ పడవలు ఇసక మీదే ఉంటాయి. బాగు చేయించుకోవాలంటే అప్పుడే చేయించుకోవాలి. అయ్య కోసం మా పాక ముందు పడవలు బోర్లించి పెట్టి ఉన్నాయి. నేను ఆమదాలవలసలో ఉంటాను. మా ఆయన రైసు మిల్లులో పని చేస్తాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పెళ్ళిళ్ళ రోజుల్లో కుట్టాల్సిన జాకెట్లన్నీ ఎక్కడివక్కడ వదిలేసి భావనపాడు వెళ్ళి అయ్యతో పోట్లాడాను. అరిచాను, అలిగాను, అన్నం తిననన్నాను. అన్నం మాత్రం సాయంత్రానికి తిన్నాను, అది వేరే సంగతి. అయ్య అన్నిటికీ తలాడించి చివరికి బేరం పెట్టాడు.

"ఆ సెట్టు నాకోపాలి సూపించు. అది సూసినాక సెప్తాను."

కొత్తవలస దాటి లోపలికి వెళ్తే కొండల మధ్య ఉంటుంది ఆ సెట్టు. కొన్నేళ్ళ కిందట రాక్షసులూ, రెక్కల గుర్రాలూ ఉన్న ఒక సినిమా కోసం అక్కడ ఒక రాజ్యమే కట్టారు. రాతిగోడలన్నీ ఫైబరుతో చెయ్యాలి కాబట్టి, ఆ పని చేతికి వచ్చినవాళ్ళ కోసం ఒక మేస్త్రి మా తీరానికి వచ్చాడు. పడవలు అతికేవాళ్ళని పదిమందిని పట్టుకుపోయాడు. అయ్య వంతుకి చెరసాల వచ్చింది. రాక్షసరాజు మంచివాళ్ళందర్నీ బంధించే చోటు. షూటింగు అయిపోయాక సినిమావాళ్ళు దాన్ని పడగొట్టబోతే, ఆ భూమి ఆసామి ఉంచెయ్యమని బతిమాలుకున్నాడట. వానకి తడవకుండా గదులకి పైకప్పులు వేయించడానికి అయ్యని మళ్ళీ పిలిపించాడు. ఇప్పుడు టిక్కెట్టు పెట్టి జనానికి చూపిస్తున్నాడు. ఆ మధ్య అటు వెళ్ళొచ్చిన మా చుట్టాలు, మిగతావన్నీ పెచ్చులూడిపోయాయని, చెరసాల మాత్రం నిన్న కట్టినట్టుందని అయ్యకి చెప్పారు. అప్పట్నుంచీ ఆయనకి అదే ధ్యాస.

ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాం. విజయనగరం దాకా అయ్య కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడలేదు. మాట్లాడితే దగ్గొస్తుంది, దగ్గొస్తే నేను మొదలుపెడతానని ఆయనకి తెలుసు. కొత్తవలసలో దిగి షేరాటో ఎక్కి, దారిలో ముంజలు కొనుక్కుని తిని, జీడితోటల్లోంచి నడిచి వెళ్ళేసరికి పదకొండు దాటింది. టిక్కెట్లిచ్చేవాడూ, కాపలావాడూ ఒక్కడే. పలచగా, మెడలో తువ్వాలుతో, తాటాకు పాకలో కూర్చుని ఉన్నాడు. నా ఫోనులో ఛార్జింగు అయిపోతే వాడి దగ్గరే పెట్టించుకున్నాను. నీళ్ళ సీసా ఉన్న సంచీ కూడా అక్కడే వదిలేశాను. చేతులు ఊపుకుంటూ వెళ్దామనుకున్నాను. నా తెలివి అంత.

కోట దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికి వెళ్తే సింహాల ముక్కులు ఊడిపోయి, లోపలి ఇనప తీగలు బయటికి కనిపిస్తున్నాయి. రాణిగారి అంతఃపురంలో ప్లాస్టరు ఉబ్బి పొట్టలు వేసింది. సింహాసనం మీద ఎవరో జంట పేర్లు చెక్కుకున్నారు. అయ్య ఒక్కొక్కటీ చూసి, ఇది ఎవరు చేశారో, ఎక్కడ జిగురు తక్కువ పోశారో చెబుతున్నాడు. ఊడిపోయిన ప్రతి చోటా ఆయన మొహం కొంచెం వెలుగుతోంది. ఇంతటి మంచి మనిషికి ఈ సంతోషం ఏమిటా అని నాకు నవ్వొచ్చింది.

చెరసాల చివర్న, కొండకి ఆనించి ఉంది. నల్లటి రాళ్ళు పేర్చినట్టు గోడలు, వాటి సందుల్లో నాచు, కారిన తడి మరకలు, అంతా రంగే. తలుపు ఏనుగు తోసినా కదలదనిపించేలా ఉంది. లోపల ఒక మలుపు, మలుపు వెనక కొట్టు. అయ్య ఆ కొట్లోకి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు. గోడకి వేలాడే సంకెళ్ళు పట్టుకుని చూస్తున్నాను. ప్లాస్టిక్కు గాజుల్లా తేలికగా ఉన్నాయి. మూలనున్న పెద్ద తిరగలిని ఒక్క చేత్తో ఎత్తేశాను. అక్కడ బరువుగా కనిపించేవేవీ బరువు లేవు.

అప్పుడే తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడిన శబ్దం కూడా విన్నాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ కాపలావాడు మేకలు దూరకుండా అన్ని తలుపులూ వేసేసి వెళ్తాడని మాకు తర్వాత తెలిసింది. లోపలెవరైనా ఉన్నారా అని కేకేశానన్నాడు. వేసే ఉంటాడు. ఆ గోడల్లోంచి మాకు వినబడలేదు, మేం అరిచింది వాడికి వినబడలేదు.

మొదట నేను కంగారు పడలేదు. తలుపు లాగాను. లోపల పట్టుకోడానికి పిడి లేదు. అయ్య నిదానంగా చెప్పాడు, కెమెరా బయట వైపే ఉంటుందన్నారు కాబట్టి లోపలి వైపు గొళ్ళెం పెట్టలేదట. కిటికీ వెతికాను. కిటికీ ఉంది, ఊచలు ఉన్నాయి, ఊచల వెనక చీకటి కూడా ఉంది. అది గోడ మీద పోతపోసిన కిటికీ, చీకటి నల్లరంగు. పైకప్పు ఒక్కటే రంగు వెయ్యని ఫైబరు. దానిలోంచి ఎండ పచ్చగా, పలచగా దిగుతోంది. కాసేపటికి ఆ ఎండంతా లోపలే ఉండిపోవడం మొదలుపెట్టింది. రెజిన్ వాసన గోడల్లోంచి లేచింది. అయ్య దగ్గాడు.

ఆ దగ్గు నాకు తెలుసు. మొదలైతే మెడ నరాలు లేస్తాయి, పెదాలు నల్లబడతాయి. డాక్టరు ఇచ్చిన, నోట్లో పెట్టి పీల్చే గొట్టం మందు బయట సంచీలో ఉంది. గాలి కోసం గోడల సందుల్లో వేలు పెట్టి తడిమాను. ఒక్క సందు లేదు. పైకప్పు అంచు వెంట చూశాను. అక్కడా మ్యాటు వేసి, జిగురు పోసి, చుట్టూ మూసేసి ఉంది. తలుపు గడప దగ్గర మాత్రం బియ్యపు గింజ పట్టేంత గీత ఉంది. అయ్యని అక్కడ పడుకోబెట్టి మొహం ఆ గీతకి ఆనించమన్నాను.

"ఎవుడైనా సినిమా జైలుకి నీళ్ళు దూరకుండా సేస్తాడా అయ్యా" అన్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆయన ఊపిరి కూడదీసుకుని, సందు వదిలితే నీళ్ళు వస్తాయి కదా అన్నాడు. కొండ మీద నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని అరిచాను.

"సందు ఒదలడం నా సేతికి రాదే అమ్మీ."

నిజమే. ఇరవై ఏళ్ళు పడవలు మూసిన చెయ్యి అది. మిగతావాళ్ళు కంటికి ఆనితే చాలని గోడలు నిలబెట్టి వెళ్ళిపోయారు. అయ్య మాత్రం చెరసాలని సముద్రంలోకి తోసినా తేలేట్టు కట్టాడు. మేస్త్రి నవ్వాడట అప్పుడు. నవ్వినా అయ్య మానలేదు. ఇప్పుడు ఆ మంచి పని లోపల మేమిద్దరం ఉడుకుతున్నాం.

కాపలావాడు ఎప్పుడొస్తాడో తెలియదు. అన్నం తిని నిద్రపోతే నాలుగవుతుంది. అయ్య నాలుగింటిదాకా ఉండడని నాకు అర్థమైంది. చీర పైకి దోపుకుని గోడని మడమతో తన్నాను. వేలి మందం కూడా ఉండని గోడ కదా, పగిలిపోతుందనుకున్నాను. మడమ నుంచి నడుం దాకా జివ్వుమంది. గోడ అలాగే ఉంది.

"కొట్టకు" అన్నాడు అయ్య కింద నుంచి.

పగలగొట్టొద్దట. అన్నీ పోయినా అదొక్కటి నిలబడి ఉందట. జనం వచ్చి చూస్తున్నారట. నేను చెయ్యాల్సింది నోరు మూసుకుని కూర్చోవడమట. ఇదంతా మూడు మాటలకొకసారి ఆగి చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఊపిరి పోతుంటే గోడ గురించి ఏడుస్తున్నావా అన్నాను. నువ్వు పోతే అమ్మకి నేనేం చెప్పాలన్నాను. జీవితంలో ఆయన్ని ఎన్నడూ అనని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. మళ్ళీ తన్నాను. ఇంకో చోట తన్నాను. తిరగలి తీసి కొడితే తిరగలి ముక్కలైంది. మెడలోంచి చెమట కారి జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది. ఆ గదిలో గోడ ఒక్కటే నిజం వస్తువు.

"అక్కడ నాలుగు పొరలేసినాను. పగల్దు" అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు, గర్వం ఉంది. ఆ క్షణంలో ఆయన మీద నాకు అసహ్యం కలిగింది. ఉన్నదే చెబుతున్నాను.

తర్వాత నాకు కళ్ళు తిరిగాయి. గోడకి జారబడి కూర్చుండిపోయాను. చెవుల్లో హోరు. నేను పడిపోయానని అయ్య అనుకున్నట్టున్నాడు. గడప దగ్గర నుంచి పాకుతూ లేచాడు. నా మొహం చూశాడు. గోడ పట్టుకుని నిలబడి, వేలి కణుపుతో తట్టడం మొదలుపెట్టాడు.

పడవని అలాగే చూస్తాడు. తట్టి, చెవి పెట్టి వింటాడు. పొరలు అంటుకుని ఉంటే గట్టిగా పలుకుతుంది, మధ్యలో గాలి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఒక్కో అడుగూ జరుగుతూ తట్టాడు. టక్. టక్. టక్. అన్నిచోట్లా ఒకటే శబ్దం. అంత బాగా చేశాడు, ఏం చెయ్యాలి. మలుపు దగ్గర, ఉత్తుత్తి కిటికీ కింద, నా మోకాలెత్తున ఒకచోట శబ్దం మారింది. ఆయన వెతికి కనిపెట్టినట్టు లేదు. అక్కడికే వద్దామనుకుని, రావడం ఆలస్యం చేసినట్టు ఉంది.

"ఇక్కడ కొట్టు. ఇది నీ ముక్క."

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది. సెట్టు కడుతున్నప్పుడు మ్యాటు కొలతకి కత్తిరించే మనిషి కావాలని, నా చెయ్యి కత్తెరకి అలవాటని అయ్య నన్ను రెండు రోజులు పిలిపించాడు. రెండో రోజు సరదాపడి ఒక చోట మ్యాటు నేనే పరిచి, జిగురు పూశాను. మర్నాటికి చేతులు గాజునార దురదకి ఎర్రగా వాచిపోయాయి. నీ చేతులు పాడైపోతాయి అని కొబ్బరినూనె రాసి రైలెక్కించేశాడు. ఆ సినిమా ఆడినప్పుడు టెక్కలి హాల్లో నేను పక్కవాళ్ళని పొడిచి పొడిచి చెప్పాను, ఆ గోడలో ఒక ముక్క నాదని.

"రోలరుతో గాలి తియ్యనేదు నువ్వు. పై పొర అంటుకోనేదు."

అప్పుడే తెలుసా అని అడిగాను. తడిగా ఉండగానే తెలుసన్నాడు. మరి లాగేసి మళ్ళీ వెయ్యలేకపోయావా అన్నాను.

"నువ్వక్కడ నవ్వుతా నిలబడ్డావు. ఎలా తీసీది?"

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ నా దురద చూసి జాలిపడి పంపేశాడనుకున్నాను. పని చూసి పంపేశాడు. దాన్ని ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. అంత పట్టుదల మనిషి, నా కోసం తన గోడలో ఒక తప్పు వదిలేశాడు. ఏడవాలో తిట్టాలో తెలియక లేచి ఆ చోట మడమతో తన్నాను. మూడో దెబ్బకి లోపలి పొర పెటపెటలాడింది. ఆయన మొలలో వలతాళ్ళు కోసే చిన్న కత్తి ఉంటుంది. దాన్ని చీలికలో దూర్చి నార తెంపాను. మళ్ళీ తన్నాను. నా తలకాయంత కన్నం పడింది. వేడిగాలే వచ్చింది, కానీ గాలి. అయ్యని పట్టుకుని ఆ కన్నానికి మొహం ఆనించి కూర్చోబెట్టాను. వీపు నిమురుతూ కూర్చున్నాను. ఎముకలన్నీ చేతికి తగిలాయి.

ఆ కన్నంలోంచి అరిస్తే జీడితోటలో ఎవరో ఆడమనిషి విని పరుగెత్తుకొచ్చి గొళ్ళెం తీసింది. నేను పాకలోంచి సంచీ తెచ్చాను, మందు పీల్చాక అయ్య పెదాలకి రంగొచ్చింది. అంతలో కాపలావాడు వచ్చాడు. మమ్మల్ని చూసి వణికిపోయాడు, గోడ చూసి ఇంకా ఎక్కువ వణికాడు. జనం చూడ్డానికి వచ్చేదే దీని కోసం, ఆసామికి నేనేటి సెప్పాలి తాతా అని తల పట్టుకున్నాడు. బతికి బయటపడ్డవాళ్ళం మేము, ఓదార్చాల్సింది వాణ్ణి.

అయ్య చీలిన అంచు వేళ్ళ మధ్య పెట్టి చూస్తూ, వచ్చే ఆదివారం వచ్చి అతికేస్తానన్నాడు.

నేను ఊరుకోలేదు. ఇంత జరిగాక కూడా డబ్బా ముట్టుకుంటావా అన్నాను. సెట్టు చూశావు కదా, ఇప్పుడు మాట చెప్పు అన్నాను. కాపలావాడి ముందే, ఆ ఆడమనిషి ముందే అడిగాను. పదిమంది ముందు అడిగితే తప్పించుకోలేడని నా లెక్క. అయ్య నా వైపు చూశాడు. ఆ చూపులో మోసం లేదు, ఇప్పటికీ అదే అనుకుంటాను.

"మానేస్తాను. మరి ఇదెవుడు అతకాల? నువ్వు అతుకుతావా?"

అతుకుతాను అన్నాను. ఆ మాట అనడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆయన మానేస్తానన్నాడన్నదే నా చెవిలో ఉంది.

ఆదివారం వెళ్ళి అతికాను. ముక్కుకి మాస్కు కట్టుకున్నాను, చేతులకి తొడుగులు వేసుకున్నాను. అయ్య దూరంగా, గాలి అటు తోలని చోట చెట్టు కింద కూర్చుని ఒక్కో పనీ చెప్పాడు. పాత పొర ఎంత మేర గీకాలో, మందు ఎన్ని చుక్కలో, రోలరు ఎటు నుంచి ఎటు లాగాలో. ఆరాక వచ్చి తట్టి విన్నాడు. రెండుసార్లు విన్నాడు. బాగుందనలేదు, తల ఒక్కసారి ఆడించాడు. ఆ తల ఆడించడానికి నేను ఎంత పొంగిపోయానో చెబితే నవ్వుతారు.

మేం భావనపాడు చేరేసరికి కబురు మాకన్నా ముందే చేరింది. మా పాక ముందు బోర్లించిన పడవల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. నిషేధం అయిపోతే వేటకి వెళ్ళాలి, చిల్లు పడవతో వెళ్ళలేరు, చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు. ఒకడు నాకు మావ వరస, ఇంకొకడు అన్న వరస. నీ కూతురు సేస్తాదట కదా అని అయ్యని అడిగారు. అయ్య నా వైపు చూడలేదు. నేను కాదంటే ఆయన లేచి వెళ్ళి డబ్బా మూత తీస్తాడు, అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఈ ఒక్క ఏడాదికీ అని మొదలుపెట్టాను.

ఇది మూడో ఏడు. నిషేధం రోజుల్లో మా ఆయన ఒక్కడే వండుకుంటాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి నేను పుట్టింటికి వస్తాను. మధ్యాహ్నం ఇసక కాలుతుంటే మాస్కులో ఊపిరాడదు, కిందికి లాగేస్తాను. ఎవరూ లేనప్పుడు అయ్య అరుస్తాడు, పైకి లాగుతాను, మళ్ళీ కిందికి లాగేస్తాను. అయ్య తన మాట మీద నిలబడ్డాడు. డబ్బా వైపు చెయ్యి చాచలేదు.

మొన్న ఆయన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళాను. డాక్టరు ఛాతీ విని, ఎక్స్‌రే చూసి, చాలా మేలుగా ఉంది, ఆ పని మాన్పించడం మంచి పని చేశావమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. అయ్య తువ్వాలు సర్దుకుని బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ లేచాను. లేస్తుంటే దగ్గొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈ దగ్గు, నువ్వేం పని చేస్తావమ్మా అని అడిగాడు.

తలుపు సగం తెరిచే ఉంది. బెంచీ మీద అయ్య మెడ ఇటు తిప్పి వింటున్నాడు.

"జాకెట్లు కుడతానండి" అన్నాను.